అడిగి తెలుసుకోవడమే మందు

అబూ దావూద్ హదీసు గ్రంథంలో శుచి శుభ్రతల అధ్యాయం బోధించేటప్పుడు ఒక సంఘటన వస్తుంది. హజ్రత్ జాబిర్ (రజి) దానిని ఉల్లేఖించారు. ప్రయాణంలో ఒక సహాబీకి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ తరువాత అతనికి స్నానం విధి అయింది. స్నానానికి బదులు తయమ్ముమ్‌తో సరిపెట్టుకునే వెసులుబాటు తనకు ఉందా అని తోటివారిని అడిగాడు. నీరు అందుబాటులో ఉన్నది కనుక వెసులుబాటు లేదన్నారు వారు. అతను స్నానం చేశాడు. ఆ గాయంతోనే మరణించాడు. సంగతి తెలిసిన దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. ఆ మరణానికి జవాబు చెప్పినవారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. తెలియనితనానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు.

ఈ హదీసును మేము ఇరవై ఆరేళ్లుగా విద్యార్థులకు చెబుతూ వస్తున్నాము. జవాబు చెప్పినవారు చెడ్డవారు కారనీ, తమకు తెలిసిన నియమాన్నే చెప్పారనీ, అయితే ఆ నియమం తెలుసు గాని గాయం సంగతి తెలియదనీ ప్రతి సంవత్సరం వివరిస్తాము. పిల్లలు తల ఊపుతారు, మేము పుట తిప్పుతాము. ఒకనాడు మేమే ఆ జవాబు చెప్పినవారి వరుసలో నిలబడవలసి వస్తుందని ఎన్నడూ తలచలేదు.

మా చెల్లెలి కుమార్తె కథ ఇది. ఆమె అనుమతితోనే రాస్తున్నాము. పేరు, ఊరు రాయము.

ఏడేళ్ల క్రితం ఆమెకు ఇరవై ఏడేళ్లు. నికాహ్ అయి ఏడాదిన్నర. ఇంకా సంతానం లేదు. స్నానం చేస్తూ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే సిగ్గుతో మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరకు తల్లికి చెప్పింది. పట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షించి క్యాన్సర్ అన్నారు. వచ్చే సోమవారమే కీమో మొదలుపెట్టాలన్నారు. ఆ శుక్రవారం మగ్‌రిబ్ నమాజు తరువాత తల్లీ కూతుళ్లు మా ఇంటికి వచ్చారు. అమ్మాయి చాలాసేపు నేల చూస్తూ కూర్చుంది. ఆమె తరఫున మా చెల్లెలే అడిగింది.

"భాయీజాన్, ఈ మందులు వేసుకున్నాక పిల్లలు పుడతారో లేదో అని దీని బెంగ. ఆసుపత్రిలో మగ డాక్టరును అడగడానికి నోరు రాలేదట."

మేము ఏమన్నామో మాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది. "ముందు ప్రాణం దక్కనివ్వమ్మా. సంతానం ఇచ్చేది అల్లాహ్. ఇప్పుడు ఆ ఆలోచన పెట్టుకోవద్దు. సబర్ చెయ్యి."

అమ్మాయి తల ఊపింది. అచ్చం మా విద్యార్థుల వలెనే.

ఆ మాటలలో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రాణరక్షణ ముందు అన్నది నిజం. సంతానమిచ్చేది అల్లాహ్ అన్నది మా విశ్వాసం. కానీ ఆమె అడిగింది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న కాదు, వైద్యానికి సంబంధించిన ప్రశ్న. దానికి జవాబు మాకు తెలియదు. తెలియదని చెప్పి, తెలిసినవారిని అడగమని పంపవలసిన చోట మేము ఒక నియమం చెప్పి పంపాము. మామూజాన్ చెప్పారు కదా అని ఆ ఇంట్లో మరెవరూ ఆ మాట ఎత్తలేదు. ఆసుపత్రిలోనూ ఎవరూ ఎత్తలేదు.

ఆరు నెలల కీమో, ఆపరేషన్, రేడియేషన్ ముగిశాయి. అల్‌హందులిల్లాహ్, ప్రాణం దక్కింది. మూడో కీమోతో ఆగిన నెలసరి మాత్రం తిరిగి రాలేదు. మాత్రల ప్రభావమేమోనని మూడేళ్లు ఎదురుచూసింది. చివరకు హైదరాబాదులో ఒక డాక్టరమ్మ పరీక్షలు చేయించి, అండాశయాలలో అండాలు దాదాపు మిగలలేదని మెల్లగా చెప్పింది. కీమోకు ముందే వస్తే ఏమైనా చేయగలిగేవారా అని అమ్మాయి అడిగింది. ప్రయత్నం చేయడానికి వీలుండేదనీ, సుమారు రెండు వారాలు పట్టేదనీ ఆమె బదులిచ్చింది.

తిరిగి వచ్చిన రోజు సాయంత్రం అమ్మాయి మా ఇంటికి ఒంటరిగా వచ్చింది. కోపం లేదు, ఏడుపు లేదు. "మామూ, మీరు సబర్ చేయమన్నారు, చేశాను. ఇకమీదట కూడా చేస్తాను. కానీ అడగవలసిన మాట ఒకటి ఉందని, దానికి రెండు వారాలే గడువని ఆ రోజు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అయ్యేదో కాదో, అది అల్లాహ్ నిర్ణయం. అడగడం వరకు నా వంతు కదా?"

ఆ రాత్రి ఇషా తరువాత మేము అబూ దావూద్ తెరిచి ఆ హదీసును మళ్లీ చదివాము. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి అది మా గురించి చదివినట్లు అనిపించింది.

మేము తరువాత తెలుసుకున్నది

ఆ తప్పును దిద్దుకోవడానికి మాకు కనిపించిన మార్గం ఒక్కటే: అడిగి తెలుసుకోవడం, తెలిసినది పదిమందికి చేర్చడం. ఆ డాక్టరమ్మను, మరికొందరు వైద్యులను కలిసి, మా అమ్మాయిని వెంట ఉంచుకొని తెలుసుకున్న విషయాలను ఇక్కడ సరళంగా చెబుతున్నాము. మేము వైద్యులము కాము. ఈ వ్యాసం చికిత్స చెప్పదు. ఏమి అడగాలో మాత్రమే చెబుతుంది.

ఆడపిల్ల పుట్టేటప్పుడే తన జీవితానికి సరిపడే అండాల నిల్వతో పుడుతుంది. రక్తం వలె, వెంట్రుకల వలె అవి మళ్లీ తయారు కావు. కీమో మందులు వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలను చంపుతూ ఈ నిల్వను కూడా దెబ్బతీస్తాయి. రొమ్ము క్యాన్సర్‌లో తరచుగా వాడే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఈ విషయంలో తీవ్రమైనది. నష్టం అందరికీ ఒకేలా ఉండదు. వయసు తక్కువగా ఉన్నవారికి నిల్వ ఎక్కువ గనుక చాలామందికి నెలసరి తిరిగి వస్తుంది. వయసు నలభైకి దగ్గరయ్యే కొద్దీ తిరిగి రాని ప్రమాదం పెరుగుతుంది.

ఇక్కడ మన ఇళ్లలో రెండు అపోహలు ఉన్నాయి. నెలసరి తిరిగి వస్తే సంతాన సామర్థ్యం పూర్తిగా నిలిచినట్లేనని మొదటిది. అది నిజం కాదు. నిల్వ తగ్గిపోయి ఉండవచ్చు, గడువు ముందే ముగియవచ్చు. నెలసరి ఆగితే ఇక గర్భం రానే రాదని రెండవది. అదీ నిజం కాదు. చికిత్స మధ్యలో గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం. కనుక ఆ కాలంలో గర్భం రాకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలో భార్యాభర్తలిద్దరూ వైద్యులను అడగాలి. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి హార్మోన్లు కలిగిన గర్భనిరోధక మాత్రలు సాధారణంగా ఇవ్వరు. దుకాణంలో అడిగి తెచ్చుకోవడం తగదు.

మూడవ సంగతి కీమోకు సంబంధించినది కాదు, కాలానికి సంబంధించినది. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్ హార్మోన్ల ఆధారంగా పెరుగుతుంది. అటువంటివారికి కీమో తరువాత టామోక్సిఫెన్ వంటి మాత్రలు అయిదేళ్లు, కొందరికి పదేళ్లు ఇస్తారు. అవి వాడుతుండగా గర్భం దాల్చకూడదు. ముప్పై ఏళ్ల వయసులో మాత్ర మొదలుపెట్టిన స్త్రీ దానిని ముగించేసరికి ముప్పై అయిదో, నలభయ్యో అవుతుంది. మందు అండాలను చంపకపోయినా కాలం తన పని తాను చేసుకుపోతుంది.

ఈ విషయంలో ఊరటనిచ్చే సమాచారం కూడా ఉన్నది. 2023లో 'పాజిటివ్' అనే అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. 42 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ వయసు గల 516 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. వారు ఏడాదిన్నర నుండి రెండున్నర ఏళ్ల వరకు హార్మోన్ చికిత్స తీసుకొని, వైద్యుల పర్యవేక్షణలో గరిష్ఠంగా రెండేళ్లు దానిని ఆపి గర్భం కోసం ప్రయత్నించారు. మూడేళ్లలో వ్యాధి తిరగబెట్టినవారు వారిలో 8.9 శాతం. పోలిక కోసం తీసుకున్న, మాత్రలు ఆపని స్త్రీలలో అది 9.2 శాతం. గర్భం విషయం పరిశీలించిన 497 మందిలో 317 మందికి కనీసం ఒక బిడ్డ పుట్టింది. ఇది కొద్ది సంవత్సరాల పరిశీలన మాత్రమే. అందరికీ వర్తించదు. ఎవరికి వారు మాత్రలు ఆపివేయడం ప్రాణాంతకం కావచ్చు. కానీ రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీ గర్భం దాలిస్తే వ్యాధి తప్పక తిరగబెడుతుందని మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాటకు ఆధారం లేదని మాత్రం దీనివల్ల తెలుస్తున్నది.

రెండు వారాల గడువు

కీమోకు ముందు చేయగలిగినవి ప్రధానంగా నాలుగు. మొదటిది పిండాలను భద్రపరచడం. పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి అండాలను పెంచి, మత్తు ఇచ్చి బయటకు తీసి, భర్త వీర్యంతో ఫలదీకరించి, ఏర్పడిన పిండాలను అతిశీతల స్థితిలో ఉంచుతారు. రెండవది ఫలదీకరణ లేకుండా అండాలనే భద్రపరచడం. ఒకప్పుడు ఇందుకు నెలసరి వచ్చే వరకు ఆగవలసి వచ్చేది. ఇప్పుడు నెలలో ఏ రోజునైనా మొదలుపెట్టే పద్ధతి ఉన్నది. ఇంజెక్షన్లతో హార్మోన్లు పెరిగి క్యాన్సర్‌కు బలం చేకూరుతుందన్న భయం సహజం. అందుకే హార్మోన్ ఆధారిత క్యాన్సర్ ఉన్నవారికి లెట్రోజోల్ అనే మాత్రను జతచేసి ఆ స్థాయిని అదుపులో ఉంచుతారు.

మూడవది అండాశయంలో కొంత భాగాన్ని చిన్న ఆపరేషన్‌తో తీసి భద్రపరచడం. దీనికి ఇంజెక్షన్లతో పనిలేదు. అయితే ఇది కొద్ది కేంద్రాలలోనే దొరుకుతుంది. నాలుగవది కీమో జరుగుతున్నంత కాలం నెలకొక ఇంజెక్షన్ ఇచ్చి అండాశయాలను నిద్రాణ స్థితిలో ఉంచడం. గోసెరెలిన్ వంటి మందు ఇందుకు వాడతారు. కీమోకు కనీసం వారం ముందు మొదలుపెడతారు. ఇది అండాశయాలు దెబ్బతినే ప్రమాదాన్ని తగ్గిస్తుంది గాని పూర్తిగా తొలగించదు. కనుక మొదటి మూడింటికి ఇది ప్రత్యామ్నాయం కాదని వైద్యులు చెప్పారు.

వీటిలో ఏదీ బిడ్డకు హామీ కాదు. కొందరికి వ్యాధి తీవ్రతను బట్టి రెండు వారాలు కూడా ఆగే వీలుండదు. అప్పుడు చికిత్సే ముందు. కానీ ఆ నిర్ణయం లెక్క చూసి చేయాలి, మౌనంతో కాదు. మా అమ్మాయికి గడ్డ దాచుకున్న మూడు నెలలు పోయాయి. అడగవలసిన రెండు వారాలు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

షరీఅత్ దృష్టిలో

మా దగ్గరకు ఇప్పుడు వచ్చే మొదటి ప్రశ్న ఇదే: ఇవన్నీ ధర్మసమ్మతమేనా?

భార్య అండాన్ని, భర్త వీర్యాన్ని శరీరం వెలుపల కలిపి, తిరిగి ఆ భార్య గర్భంలోనే ప్రవేశపెట్టే పద్ధతి గురించి అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్ నగరంలో జరిగిన సమావేశంలో చర్చించింది. ఏడు రకాల పద్ధతులను పరిశీలించి, మూడో వ్యక్తి ప్రమేయం ఉన్న అయిదింటిని నిషిద్ధమన్నది. భార్యాభర్తలకే పరిమితమైన రెండింటిని అవసరం ఉన్నప్పుడు, తగిన జాగ్రత్తలతో అనుమతించింది. కనుక ఇతరుల అండం, ఇతరుల వీర్యం, అద్దె గర్భం మన మార్గం కాదు. నికాహ్ బంధం నిలిచి ఉన్నంత వరకే ఆ పిండాలపై దంపతులకు హక్కు. తలాఖ్ జరిగినా, భర్త మరణించినా వాటిని ఉపయోగించరాదు. మిగులు పిండాల విషయంలో విద్వాంసులు జాగ్రత్త చెప్పారు గనుక, ఎన్ని పిండాలు తయారు చేస్తారు, మిగిలితే ఏమి చేస్తారు అన్నది ముందే తేల్చుకోవాలి.

పెళ్లికాని అమ్మాయి అండాలను భద్రపరచుకొనే విషయంలో విద్వాంసులలో అభిప్రాయభేదం ఉన్నది. అనుమతించినవారు షరతులు పెట్టారు: వ్యాధి వంటి నిజమైన అవసరం ఉండాలి, నికాహ్ తరువాత భర్త వీర్యంతోనే ఉపయోగించాలి, నిల్వలో ఒకరివి మరొకరివాటితో కలిసిపోకుండా భద్రత ఉండాలి. మీరు నమ్మే ముఫ్తీగారిని అడగండి. కానీ ఒక విన్నపం. కీమో తేదీ ఎప్పుడో ఆయనకు ముందే చెప్పండి. నెల తరువాత వచ్చే ఫత్వా ఎంత సరైనదైనా ఆ అమ్మాయికి ఉపయోగపడదు.

మన దేశంలో 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఈ కేంద్రాలు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. భద్రపరచిన పిండాలకు పదేళ్ల గడువు ఉన్నది. నమోదు పత్రం చూపించమని అడగడంలో మొహమాటం వద్దు. ఖర్చు లక్ష రూపాయలు దాటవచ్చు. క్యాన్సర్ చికిత్స ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద జరుగుతున్నప్పటికీ ఈ ఖర్చు అందులో వస్తుందో లేదో ముందే విచారించుకోవాలి. పేద కుటుంబమైతే మహల్లా పెద్దలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు దీనిని విలాసంగా చూడకుండా వైద్య అవసరంగా చూడవలసి ఉన్నది.

హయా పేరుతో మౌనం

హయా విశ్వాసంలో భాగం. కానీ అడగవలసినది అడగకపోవడం హయా కాదు. అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఎందుకు ప్రశంసించారో మనకు తెలుసు. ధర్మజ్ఞానం నేర్చుకోవడానికి సిగ్గు వారికి అడ్డురాలేదు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) నేటికీ మన స్త్రీలు నోరు విప్పడానికి జంకే ప్రశ్నను స్వయంగా దైవప్రవక్త (స) ముందుంచారు. ఆయన ఆమెను వారించలేదు, జవాబిచ్చారు.

ప్రశ్న అడగడం తవక్కుల్‌కు విరుద్ధమని భావించేవారు హజ్రత్ జకరియ్యా (అలై) వృత్తాంతాన్ని మర్యమ్ సూరాలో మరోసారి చదవాలి. ముసలితనంలో, సంతానంలేని భార్యతో, ఆయన తన ప్రభువును మెల్లని స్వరంతో వేడుకున్నారు. ఎముకలు బలహీనపడ్డాయని, తల నెరిసిందని తన శరీర స్థితిని దాచకుండా చెప్పుకున్నారు. శుభవార్త అందినప్పుడు ఇది ఎలా సాధ్యమని అడిగారు కూడా. ఒక దైవప్రవక్త తన ప్రభువునే 'ఎలా' అని అడిగితే, ఇరవై ఏడేళ్ల అమ్మాయి డాక్టరును 'ఎలా' అని అడగడంలో తప్పేమున్నది?

సబర్ గొప్ప గుణం. కానీ సబర్ స్థానం ప్రయత్నం తరువాత, ఫలితం ముందు నిలబడినప్పుడు. ప్రయత్నాన్ని ఆపడానికి ఆ పేరు వాడితే అది సబర్ కాదు. ఈ మాట ఇతరులకు కాదు, ముందు మాకు మేము చెప్పుకుంటున్నాము.

డాక్టరును అడగవలసినవి

మా అమ్మాయి ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాసి పెట్టింది. ఎవరైనా అడిగితే నకలు తీసి ఇస్తుంది. మొదటి కీమోకు ముందే అడగాలని పైన ఎర్ర సిరాతో రాసింది.

1. నాకు ఇవ్వబోయే మందులు అండాశయాలను ఎంతవరకు దెబ్బతీస్తాయి?
2. నా వయసులో, ఇప్పుడు నా అండాల నిల్వ ఎంత? అందుకు రక్తపరీక్ష, స్కానింగ్ చేయిస్తారా?
3. చికిత్స రెండు మూడు వారాలు ఆగితే నా ప్రాణానికి ప్రమాదమా?
4. సంతాన వైద్య నిపుణురాలి దగ్గరకు ఈ వారంలోనే పంపగలరా?
5. కీమోతో పాటు అండాశయాలను కాపాడే ఇంజెక్షన్ నాకు పనికివస్తుందా?
6. నా క్యాన్సర్ హార్మోన్ ఆధారితమా? మాత్రలు ఎన్నేళ్లు? మధ్యలో ఆపి గర్భానికి ప్రయత్నించవచ్చా?
7. ఇది వంశపారంపర్యంగా వచ్చినదా? జన్యుపరీక్ష అవసరమా?

స్త్రీ వైద్యురాలిని కోరడం మీ హక్కు. వెంట తల్లినో, అక్కనో తీసుకువెళ్లండి. కాగితం చేతిలో ఉంటే నోరు పెగలకపోయినా దానిని చూపించవచ్చు.

అత్తవారింటికి ఒక మాట

మా అమ్మాయికి ఇక సంతానం కష్టమని తెలిశాక అత్తవారింట్లో రెండో నికాహ్ మాట మొదలైంది. అల్లుడిని మేము మస్జిదులో అసర్ తరువాత కూర్చోబెట్టుకున్నాము. షరీఅత్ అనుమతిని మేము కాదనలేదు. ఆ అనుమతికి న్యాయం అనే షరతు కట్టి ఉన్నదని, ఆ షరతు ఎంత బరువైనదో అన్నిసా సూరా హెచ్చరిస్తున్నదని గుర్తుచేశాము. జబ్బుపడిన భార్యను పుట్టింటికి పంపి చేసేది న్యాయం కాదన్నాము. "మౌలానా, ఆ రోజు అడగవద్దని అందరం కలిసి అన్నాము. ఇప్పుడు దానికి ఆమె ఒక్కతే మూల్యం చెల్లించాలా?" అని అతనే అన్నాడు. ఆ తరువాత ఆ మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.

మగపిల్లలు, ఆడపిల్లలు, ఇద్దరూ, లేదా ఎవరూ లేకపోవడం, ఇవన్నీ అల్లాహ్ పంపకాలేనని అష్షూరా సూరా చెబుతున్నది. సంతానం లేనివారిని దైవకృపకు దూరమైనవారిగా ఆ సూరా చిత్రించలేదు. మన తల్లి హజ్రత్ ఆయిషా (రజి)కి సంతానం లేదు. అక్క కుమారుడైన అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) పేరు మీదుగా ఆమెను ఉమ్మె అబ్దుల్లాహ్ అని పిలిచేవారు. ఆమె నుండి ధర్మజ్ఞానం నేర్చుకొని ఈ సముదాయం నేటికీ జీవిస్తున్నది. కడుపున పుట్టిన బిడ్డ లేని స్త్రీని గొడ్రాలని పిలిచే నాలుక ఆ తల్లిని తలచుకొని సిగ్గుపడాలి.

అనాథ బిడ్డను పెంచే మార్గం కూడా మన ముందున్నది. బిడ్డ వంశనామాన్ని మార్చకూడదు, ఆస్తిలో వారసత్వం దానంతట అది రాదు. అయితే జీవించి ఉండగా కానుకగా, మూడో వంతు మించని వసియ్యత్‌గా ఇవ్వవచ్చు. పెరిగాక పరదా సమస్య వస్తుందేమోనని వెనుకాడేవారు ఉన్నారు. రెండేళ్లలోపు శిశువుకు పెంపుడు తల్లి సోదరి పాలిస్తే పాల బంధం ఏర్పడుతుంది. వివరాలు ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. మా అమ్మాయి, అల్లుడు ఇప్పుడు ఈ విషయమే ఆలోచిస్తున్నారు. తొందరపెట్టే పని మేము పెట్టుకోలేదు.

గత సంవత్సరం

గత రమజానుకు ముందు మా పూర్వ విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. అతని భార్యకు ఇరవై నాలుగేళ్లు. అదే వ్యాధి. తొమ్మిది రోజులలో కీమో. "హజ్రత్, దుఆ చేయండి" అన్నాడు. చేస్తామన్నాము. ఆపై, మేము ఏడేళ్ల క్రితం అడగవలసిన ప్రశ్న అడిగాము. "సంతానం విషయం డాక్టరుతో మాట్లాడారా?"

అవతల కొంతసేపు నిశ్శబ్దం. "అది ఇప్పుడు అడగవచ్చా హజ్రత్?"

"ఇప్పుడే అడగాలి" అన్నాము.

మర్నాడు మా అమ్మాయి ఆ కాగితం తీసుకొని ఆ అమ్మాయి వెంట ఆసుపత్రికి వెళ్లింది. వైద్యులు వ్యాధి స్థితి చూసి రెండు వారాలు ఆగవచ్చన్నారు. పిండాలను భద్రపరిచి పదహారో రోజున కీమో మొదలుపెట్టారు. ఆమె ఇప్పటికీ చికిత్సలోనే ఉన్నది. బిడ్డ కలుగుతుందో లేదో అల్లాహ్‌కే తెలుసు. కానీ అడగవలసినది అడిగింది, చేయగలిగినది చేసింది. ఇక ఆమె చేసే సబర్ నిజమైన సబర్.

ఆసుపత్రి నుండి తిరిగి వస్తూ మా అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఎలా జరిగిందని అడిగాము. "ఆమె అన్నీ అడిగింది మామూ, ఏడో ప్రశ్న వరకు" అని చెప్పి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటకు రాలేదు.

ఈ సంవత్సరం కూడా అబూ దావూద్‌లో ఆ హదీసు వచ్చింది. ఈసారి మేము వెంటనే పుట తిప్పలేదు. తలకు గాయమైన ఆ సహాబీ సంగతి చెప్పిన తరువాత, తనను అడగడానికి వచ్చిన ఒక అమ్మాయికి తెలియని జవాబు చెప్పి పంపిన ఒక ఉపాధ్యాయుడి సంగతి కూడా చెప్పాము. ఆ ఉపాధ్యాయుడు ఎవరని ఒక విద్యార్థి అడిగాడు. మేమేనని చెప్పాము.

అల్లాహ్ మా తప్పును మన్నించుగాక. వ్యాధిగ్రస్తులైన మన ఆడబిడ్డలందరికీ స్వస్థత ప్రసాదించుగాక. సంతానం కోరుకునేవారికి సత్సంతానాన్ని, లభించనివారికి నిండైన మనశ్శాంతిని అనుగ్రహించుగాక. తెలియనప్పుడు తెలియదని చెప్పే ధైర్యాన్ని మాకు, అడగవలసినప్పుడు అడిగే ధైర్యాన్ని వారికి ఇచ్చుగాక. ఆమీన్.